తప్పు ఎవరిది? ఆకులో ఉన్న ఎంజైము మీద ఒక విచారణ

ఒకరు చేసిన పని ఒకప్పుడు సరిగ్గా ఉండి, తర్వాత చుట్టూ ఉన్న లోకం మారిపోవడం వల్ల అదే పని నష్టం తెచ్చిందనుకోండి. ఆ తప్పు ఎవరిది? చేసినవాళ్ళదా, మారిన కాలానిదా? ఈ ప్రశ్న మనుషుల గురించి అడిగితే మనం వెంటనే ఏదో ఒక పక్షం తీసుకుంటాం. మనవాళ్ళయితే కాలాన్ని తిడతాం, పరాయివాళ్ళయితే మనిషిని తిడతాం. అందుకని ఈ వ్యాసంలో మనవాళ్ళూ పరాయివాళ్ళూ కాని ఒక నిందితుణ్ణి తీసుకున్నాను. దాని పేరు రుబిస్కో. అది ప్రతి పచ్చని ఆకులోనూ ఉంటుంది. మన పెరట్లోని తోటకూరలో ఉంది, లమ్తపుట్ చుట్టూ కొండల మీద చోడి చేలల్లో ఉంది, పల్లంలో వరి మళ్ళలో ఉంది.

ముందు దాని ఉద్యోగం ఏమిటో చెప్పుకుందాం. గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని, అయిదు కార్బన్‌లు ఉన్న ఒక చక్కెర అణువుకి అంటించడం దాని పని. అక్కడి నుంచే పిండిపదార్థం, చక్కెర, కలప, నూనె అన్నీ మొదలవుతాయి. మన పుస్తకాల్లో ఉండే కాల్విన్ వలయం గుర్తుంది కదా, మెల్విన్ కాల్విన్‌కి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది దానికే. ఆ వలయానికి గుమ్మం దగ్గర నిలబడే కాపలాదారు రుబిస్కో. మనం తిన్న అన్నంలోని కార్బన్ ప్రతి ఒక్కటీ ఆ గుమ్మం గుండానే లోపలికి వచ్చింది. 1947లో శామ్ వైల్డ్‌మన్, జేమ్స్ బానర్ అనే శాస్త్రవేత్తలు ఆకుల రసంలో ఒకే ప్రోటీన్ అంత ఎక్కువగా ఉండటం చూసి ఆశ్చర్యపోయారు. అది ఏం చేస్తుందో అప్పటికి తెలియదు. వరి, గోధుమ లాంటి మొక్కల ఆకుల్లో నీళ్ళలో కరిగే ప్రోటీన్‌లో సగం దాకా ఇదే ఉంటుంది. భూమి మీద అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ప్రోటీన్ ఇదే అని చెబుతారు.

ఇంత ముఖ్యమైన పనివాడి మీద శాస్త్ర పుస్తకాల్లో రెండు ఫిర్యాదులు ఉన్నాయి.

మొదటి ఫిర్యాదు, అది బద్ధకస్తురాలు. మన రక్తంలో కార్బన్ డయాక్సైడ్‌ని మోయడానికి సాయం చేసే ఒక ఎంజైము సెకనుకి లక్షల అణువుల మీద పని చేస్తుంది. రుబిస్కో మొక్కల్లో సెకనుకి సుమారు మూడు అణువుల మీద చేస్తుంది. పని నిదానం కాబట్టే మొక్క దాన్ని అంత ఎక్కువగా తయారు చేసుకోవాలి. ఒక మనిషి చేసే పనికి పదిమంది కూలీలను పెట్టుకున్నట్టు.

రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది. అది పొరపాటు పడుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకోవలసిన చోట ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. 1971లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బోవ్స్, ఓగ్రెన్, హేగ్‌మన్ ఈ సంగతి బయటపెట్టారు. మామూలు గాలిలో, 25 డిగ్రీల వేడిలో, సుమారు నాలుగింట ఒకసారి ఇలా జరుగుతుంది. ఎండ పెరిగితే ఇంకా ఎక్కువ. ఆక్సిజన్‌ని అంటిస్తే మొక్కకి పనికిరాని, పేరుకుపోతే హాని చేసే పదార్థం ఒకటి తయారవుతుంది. దాన్ని బాగు చేసుకోవడానికి మొక్క ఆ పదార్థాన్ని కణంలో మూడు అరల గుండా తిప్పి, శక్తి ఖర్చు పెట్టి, నాలుగు కార్బన్‌లలో మూడింటిని వెనక్కి రాబట్టుకుంటుంది. నాలుగోది మళ్ళీ గాలిలోకి పోతుంది. దీన్నే కాంతి శ్వాసక్రియ అంటారు. కష్టపడి తెచ్చిన బియ్యంలో కొంత చిల్లు సంచిలోంచి దారిలోనే రాలిపోయినట్టు.

ఇప్పుడు విచారణ. శిక్ష వేసేముందు నిందితుడి పుట్టుక, పెరిగిన చోటు అడగాలి కదా.

రుబిస్కో పుట్టింది 240 కోట్ల ఏళ్ళ కంటే ముందు. అప్పటికి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే చాలా ఎక్కువ ఉండేది. ఆ లోకంలో ఈ రెంటికీ తేడా పట్టడం నేర్చుకోవలసిన అవసరమే దానికి రాలేదు. ఊళ్ళో ఒకే రకం నాణెం చెలామణీలో ఉంటే, దొంగ నాణేన్ని గుర్తుపట్టడం ఎవరు నేర్చుకుంటారు? తర్వాత నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు నీటిని విడగొట్టి ఆక్సిజన్‌ని వదలడం మొదలుపెట్టాయి. సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం ఆ ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలైంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ జీవులు బతికిందే రుబిస్కో మీద. అంటే ఎవరి కడుపు అది నింపిందో, వాళ్ళు వదిలిన గాలే దాని పనికి అడ్డు వచ్చింది.

అది మారకుండా కూర్చోలేదు కూడా. మొక్కల్లో ఉన్న రుబిస్కోలో ఎనిమిది పెద్ద ముక్కలు, ఎనిమిది చిన్న ముక్కలు ఉంటాయి. చిన్న ముక్కలు మొదట్లో లేవు. 2022లో జర్మనీలోని మార్బర్గ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు పాతకాలపు రుబిస్కో ఎలా ఉండేదో లెక్కకట్టి, దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి పరీక్షించారు. చిన్న ముక్క వచ్చి చేరిన తర్వాతే ఆ ఎంజైము తేడా పట్టడంలో మెరుగయ్యే దారి తెరుచుకుందని వాళ్ళు తేల్చారు. అంటే లోకం మారుతుంటే అదీ మారింది. కానీ ఒక హద్దు వరకే.

ఆ హద్దు ఎందుకు వచ్చింది? కార్బన్ డయాక్సైడ్‌కీ ఆక్సిజన్‌కీ చేతికి పట్టుకునే పిడి లాంటిది ఏమీ లేదు. రెండూ చిన్నవి, రెండూ నున్నటివి. పైగా ఇప్పటి గాలిలో ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువుకి సుమారు 500 ఆక్సిజన్ అణువులు ఉన్నాయి. నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ బాగా కరుగుతుంది కాబట్టి ఆకు లోపల ఈ తేడా తగ్గుతుంది, అయినా ఇరవై ముప్ఫై రెట్ల ఆక్సిజన్ ఉంటుంది. అంత గుంపులో నాలుగింట మూడుసార్లు సరైనదాన్ని పట్టుకుంటోంది. దీన్ని మతిమరుపు అనాలా, ఓపిక అనాలా?

2006లో చెర్కెజ్, ఫార్కర్, ఆండ్రూస్ అనే ముగ్గురు ఒక మాట రాశారు. రకరకాల జీవుల్లోని రుబిస్కోలను పోల్చి చూస్తే, వేగంగా పనిచేసేవి తేడా పట్టడంలో వెనకబడ్డాయి, తేడా బాగా పట్టేవి నిదానించాయి. కార్బన్ డయాక్సైడ్‌ని గట్టిగా గుర్తుపట్టాలంటే దాన్ని గట్టిగా పట్టుకోవాలి, గట్టిగా పట్టుకుంటే వదలడానికి సమయం పడుతుంది. ఆ బేరంలో ప్రతి రుబిస్కోనూ తన చోటికి తగినంత బాగానే కుదురుకుందని వాళ్ళ వాదన. తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు ఈ బేరం అంత బిగువుగా లేదని కూడా అన్నారు. అయినా మొదటి ఫిర్యాదు బలహీనపడింది. దాని నిదానం బద్ధకం కాదు, జాగ్రత్తకి కట్టిన ధర. మన తెలుగులోనే నిదానమే ప్రధానం అని ఒక సామెత ఉంది, ఆలస్యం అమృతం విషం అని ఇంకోటి ఉంది. రెండూ నిజమే. ఏది ఎక్కడ నిజమో తెలుసుకోవడమే తెలివి.

ఇక్కడ మనలాంటి వాళ్ళకి తగిలే ఒక విషయం చెప్పాలి. మనం ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో దేసియా, పరీక్షలో పుస్తకాల భాష మాట్లాడేవాళ్ళం. మా బంధువుల్లో ఒక అబ్బాయి ఎనిమిదో తరగతి వరకు తెలుగులో చదివాడు, లెక్కల్లో ముందుండేవాడు. తర్వాత వేరే ఊళ్ళో ఇంగ్లీషు మీడియంలో చేరాడు. అక్కడ ప్రశ్న విని, దాన్ని లోపల తెలుగులోకి తిప్పుకుని, జవాబు మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి చెప్పేవాడు. అంత పని జరుగుతున్నట్టు బయటికి కనపడదు. బయటికి కనపడేది ఆలస్యం ఒక్కటే. వాడి మీద స్లో అని ముద్ర పడింది, చివరి బెంచీ దొరికింది. ఏడాది తిరిగేసరికి వాడే నేను స్లో అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ చివరి మాటే. ఎంజైముని బద్ధకస్తురాలు అంటే దానికి వినపడదు. మనిషికి వినపడుతుంది, విని నమ్మేస్తాడు.

కానీ న్యాయంగా మాట్లాడాలంటే రెండో పక్షం కూడా వినాలి. కారణం చెప్పినంత మాత్రాన నష్టం లేకుండా పోతుందా? పోదు. పుట్టుక కథ విని కన్నీళ్ళు పెట్టుకున్నా వరి చేలో రాలిపోయే కార్బన్ రాలిపోతూనే ఉంటుంది. ఎవరి తప్పూ లేకపోయినా ఆకలి ఆకలే. కాబట్టి నిందని, నష్టాన్ని వేరు చేసి చూడాలి. నింద ఎవరి మీద వేయాలి అనేది ఒక ప్రశ్న. నష్టాన్ని ఎలా తగ్గించాలి అనేది ఇంకో ప్రశ్న. మనం సాధారణంగా మొదటిదానికి జవాబు దొరకగానే రెండోది అయిపోయిందనుకుంటాం. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. కానీ మద్దెల నిజంగా ఓడైతే? అప్పుడు ఆడేవాళ్ళని తిట్టడమూ తప్పే, మద్దెలని బాగుచేయకుండా కూర్చోవడమూ తప్పే.

మొక్కలు ఈ రెండో ప్రశ్నకి ఎలా జవాబు చెప్పాయో చూడటానికి మనం దూరం వెళ్ళనక్కర్లేదు. పొన్నగంటి కూర అందరికీ తెలుసు. గట్ల మీద, తడి నేలలో పెరుగుతుంది, పప్పులో వేసుకుంటాం. దాని బంధువులు చాలా ఉన్నాయి. నేల మీద పరుచుకుని, నడిస్తే కాళ్ళకి గుచ్చుకునే ముళ్ళ మొక్క ఒకటి ఆ కుటుంబంలోదే. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రాజేంద్రుడు, ప్రసాద్, రామదాస్ అనే శాస్త్రవేత్తలు ఈ బంధువులందరినీ పక్కపక్కన పెట్టి పరీక్షించి 1986లో ప్రకటించారు. ఆకుని మూసిన పాత్రలో వెలుతురులో ఉంచితే అది కార్బన్ డయాక్సైడ్‌ని తాగుతూ పోతుంది, ఒక చోట ఆగుతుంది. పొన్నగంటి కూర వరి లాగే తొందరగా ఆగిపోతుంది, ఎందుకంటే ఒక పక్క తాగుతూ ఇంకో పక్క కారుస్తుంటుంది. ముళ్ళ మొక్క దాదాపు పాత్ర ఖాళీ అయ్యేదాకా తాగుతుంది. ఆ కుటుంబంలోనే మరో రెండు కలుపు మొక్కలు సరిగ్గా మధ్యలో ఆగుతున్నాయని వాళ్ళు చూపించారు. ఎవరూ పట్టించుకోని కలుపు మొక్కల్లో పరిణామం సగం దారిలో నిలబడి కనపడింది. తర్వాత 1995లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాఘవేంద్ర, ఆయన తోటివాళ్ళు ఆ మధ్య మొక్కల్లో ఒకదాని రహస్యం కొంత విప్పారు. రుబిస్కో పొరపాటు వల్ల కారిపోయే కార్బన్ డయాక్సైడ్ బయటపడే పని, ఆ మొక్కలో ఎక్కువగా ఈనెల చుట్టూ ఉండే తొడుగు కణాల్లోపలే జరుగుతోంది. అక్కడ బయటపడితే గాలిలోకి పోయేలోపు మళ్ళీ పట్టుకోవచ్చు. చిల్లు సంచిని కుట్టలేదు, కింద చేట పట్టింది.

ఆ చేట నుంచే పెద్ద మార్పు మొదలైందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. చెరకు, మొక్కజొన్న, జొన్న, మన చోళ్ళు, సామలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ముందు వేరే ఎంజైముతో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని, నాలుగు కార్బన్‌ల ఆమ్లంగా మార్చి, తొడుగు కణాల్లోకి పంపి అక్కడ వదులుతాయి. అక్కడ ఉన్న రుబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్ దండిగా ఉంటుంది, ఆక్సిజన్‌కి చోటు దొరకదు. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ 1966లో ఈ దారిని వివరించారు. ఇది ఒకసారి కాదు, వేరువేరు మొక్కల వంశాల్లో 60కి పైగా సార్లు విడివిడిగా పుట్టింది. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఇన్నిసార్లలో ఒక్కసారి కూడా మొక్కలు రుబిస్కోని తీసి పారేయలేదు. దాని చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చాయి. అది పుట్టిన పాతకాలపు గాలిని ఒక చిన్న గదిలో మళ్ళీ కట్టి ఇచ్చాయి. నువ్వు మారు అని గదమాయించకుండా, నువ్వు బాగా పనిచేసే చోటు ఇది అని చూపించాయి.

అందుకే చోడి చేను తక్కువ నీటితో, తక్కువ ఎరువుతో మన డొంగర్ల మీద పండుతుంది. రుబిస్కో కొంచెమే చాలు కాబట్టి నత్రజని కూడా తక్కువ చాలు. ఎండలో చెమటోడ్చి వచ్చినవాళ్ళకి చోడి అంబలి, మాండియా పేజ్ ఎంత బలమో మన పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. మరి ఒకప్పుడు చోళ్ళు తినేవాళ్ళని చిన్నచూపు చూసింది కూడా మనుషులే. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ పెట్టాక, 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక, అదే గింజ గొప్పదైపోయింది. గింజ మారలేదు, కొలబద్ద మారింది.

అలాగని చోడి గొప్పది, వరి తక్కువది అని తీర్పు చెప్పేస్తే మళ్ళీ అదే పొరపాటు. చోడి దారిలో ప్రతి కార్బన్ డయాక్సైడ్‌కి అదనంగా రెండు ఏటీపీలు ఖర్చవుతాయి. ఏటీపీ అంటే కణంలో శక్తికి చిల్లర డబ్బు లాంటిది, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో కనుగొన్నవాటిలో అదొకటి. ఎండా వేడీ ఉన్నచోట ఆ ఖర్చు గిట్టుబాటు అవుతుంది. చల్లటి చోట, నీడలో గిట్టదు. పల్లంలో నీరు నిలిచే జోలా భూముల్లో వరే రాజు. జయపురం ప్రాంతంలో 1950ల్లో జరిపిన సర్వేలో 1700కు పైగా వరి రకాలు సేకరించారంటే ఈ కొండలు వరికి ఎంత పుట్టిల్లో తెలుస్తుంది. ఆ రకాలను కాపాడినందుకే మన జిల్లా రైతు కమలా పూజారి గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆమె గింజల్ని దాచింది పోటీ పెట్టి గెలిచినదాన్ని ఉంచుకోవడానికి కాదు. ఏ నేలకి ఏది కావాలో, రేపు ఎలాంటి వాన వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి.

ఇప్పుడు ఒక గట్టి అభ్యంతరం. ఎంజైముకి మనసు లేదు. దానికి తప్పూ లేదు, ఒప్పూ లేదు. ఆకులో జరిగేదాన్ని చూసి మనుషులకి నీతి చెప్పడం సరైనదా? ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. ప్రకృతిలో బలమున్నదే బతుకుతుంది కాబట్టి బలహీనుల్ని తొక్కేయవచ్చు అని వాదించినవాళ్ళు చరిత్రలో ఉన్నారు, వాళ్ళ వల్ల చాలా అన్యాయం జరిగింది. కాబట్టి రుబిస్కో ఇలా చేసింది, మనమూ ఇలా చేద్దాం అని నేను అనడం లేదు. దాని మీద మనం వాడిన మాటల్ని చూడమంటున్నాను. బద్ధకం, మతిమరుపు, పొరపాటు అని పేర్లు పెట్టింది ఎంజైము కాదు, మనం. మనసే లేనిదాని మీద కూడా ఇంత తొందరగా నింద వేయగలిగితే, మనసు ఉన్నవాళ్ళ మీద ఎంత తొందరపడుతున్నామో ఆలోచించాలి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఇప్పుడు మనిషే దాన్ని దిద్దడానికి బయలుదేరాడు. వరిని చోడి లాంటి దారిలోకి మార్చాలని 2008 నుంచి అనేక దేశాల శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. 2019లో అమెరికాలో పొగాకు మొక్కలకి కాంతి శ్వాసక్రియలో ఒక అడ్డదారి అమరిస్తే, పొలంలో వాటి బరువు సుమారు 40 శాతం దాకా పెరిగింది. ఇది మంచిదా, చెడ్డదా? కోట్ల ఏళ్ళ నాటిదాన్ని ముట్టుకోకూడదు అని నేను అనను. ఆకలి ఉన్నప్పుడు ప్రయత్నం చేయకపోవడం కూడా ఒక తప్పే. కానీ ఆ కొత్త గింజ వచ్చినరోజు మన ఊళ్ళో పాత గింజలన్నీ అటకెక్కి పురుగు పట్టిపోతే, అది ఎవరి చేతుల్లో ఉంటుంది, ఏటా కొనుక్కోవాలా అనే ప్రశ్నలు అడగాలి. బాగుచేయడం అంటే ఒక్కటే రకం మిగలడం కాకూడదు.

చివరిగా అసలు ప్రశ్నకి వస్తాను. తప్పు ఎవరిది? రుబిస్కోది కాదు, అది ముందు చూడలేదు. ఆక్సిజన్ వదిలిన సూక్ష్మజీవులదీ కాదు, వాటికీ తెలియదు. అవి గాలిని మార్చేశాయి, ఆ మార్పులో ఎన్నో జీవులు నశించి ఉంటాయి, దాని వల్లే మనం పుట్టాం. కానీ ఇప్పుడు గాలిని మళ్ళీ మారుస్తున్నవాళ్ళు ఉన్నారు. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ప్రతి పది లక్షల పాళ్ళలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వరికి మేలే కదా అని కొందరు అంటారు. కొంత మేలు ఉంది. కానీ దానితోపాటు వేడి పెరిగితే రుబిస్కో ఇంకా ఎక్కువసార్లు ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. పైగా అలాంటి గాలిలో పెరిగిన గోధుమ, వరి గింజల్లో ఇనుము, జింకు తగ్గుతాయని 2014లోనే తేలింది. ఆ సూక్ష్మజీవులకీ మనకీ ఉన్న తేడా ఒక్కటే. వాటికి కొలిచే పరికరం లేదు, మనకి ఉంది. తెలియక చేసినదానికి నింద లేదు అనే సూత్రం రుబిస్కోని విడిపిస్తుంది, కానీ అదే సూత్రం మనల్ని బోనులో నిలబెడుతుంది. తెలిసి చేసినదానికి బాధ్యత ఉంది. అందులోనూ అందరి బాధ్యతా ఒక్కలాంటిది కాదు. డొంగర్ మీద చోళ్ళు వేసుకునే రైతు కాల్చినదెంత, పెద్ద నగరాలు కాల్చినదెంత? తిలాపాపం తలా పిడికెడు అని సమానంగా పంచేస్తే అది కూడా అన్యాయమే.

మిత్రులారా, నా తీర్పు ఇది. ఎవరినైనా తక్కువ అనేముందు మూడు విషయాలు అడుగుదాం. వాళ్ళు ఏ లోకంలో తయారయ్యారు? ఆ నిదానం దేనికి ధర? చుట్టూ ఏం మారిస్తే వాళ్ళ పని బాగుపడుతుంది? ఈ మూడూ అడిగాక కూడా నష్టం మిగిలి ఉంటే, దాన్ని తగ్గించే పని మనది కూడా. వచ్చే సంవత్సరం మనలో చాలామంది ఒడియా మీడియం, ఇంగ్లీషు మీడియం కాలేజీలకి వెళతాం. అక్కడ ఎవరైనా మనల్ని స్లో అంటే, జవాబు చెప్పడానికి మనకి కొంచెం సమయం పట్టవచ్చు. ఆ సమయాన్ని చూసి సిగ్గుపడనక్కర్లేదు. మన పక్కన కూర్చున్న గదబ పిల్లో, పరజ పిల్లాడో తెలుగులో తడబడుతుంటే మనం ఏం చేస్తున్నామో కూడా అప్పుడు గుర్తు తెచ్చుకోవాలి.